ఆవకాయ క్షేమంగా చేరింది

మన ఆడవాళ్ళకి సామాను సర్దడం చేతకాదని ఎవరైనా అంటే నేను చస్తే ఒప్పుకోను. అమెరికా వెళ్ళే పిల్లాడికి ఆవకాయ కట్టిచ్చే ఇల్లాలిని ఒక్కసారి చూడండి. జాడీలోంచి తీసిన ఆవకాయని మందపాటి ప్లాస్టిక్ సంచీలో పోస్తుంది. గాలి పోయేదాకా నొక్కి మూతి అతికిస్తుంది. దానిమీద ఇంకో సంచీ, ఆపైన మరొకటి. అవన్నీ ఒక డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, ఆ డబ్బాకి పాత తువ్వాలు చుట్టి, పెట్టె మధ్యలో – అంచున కాదు సుమండీ, సరిగ్గా మధ్యలో – పెట్టి చుట్టూ బట్టలు కూరుతుంది. ఆ తర్వాత పెట్టె ఎత్తి అటూ ఇటూ ఊపి చూస్తుంది. లోపల ఏదైనా కదిలిన చప్పుడైతే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంజనీరింగు చదివిన మగవాళ్ళు పక్కన నిలబడి కత్తెర అందించడం తప్ప చేసేదేమీ ఉండదు.

కదలకూడదు, నలగకూడదు, తడవకూడదు, పడినా పగలకూడదు. ప్రయాణానికి పనికొచ్చే పెట్టెకి కావలసిన శాస్త్రమంతా ఇంతే. అది మన వంటింట్లో ఎప్పట్నించో ఉంది.

మరి అదే ఇంట్లో, ఎనిమిదేళ్ళు గురువుగారి దగ్గర కూర్చుని వేళ్ళు కాయలు కాసేలా నేర్చుకున్న ఆడపిల్ల మాండలిన్ ఊరికి బయల్దేరిందనుకోండి. అప్పుడీ శాస్త్రమంతా ఎక్కడికి పోతుంది? కొట్టువాడు ఉచితంగా ఇచ్చిన పల్చటి గుడ్డసంచీలో దాన్ని జారవిడిచి జిప్పు లాగుతాం. జిప్పు సగంలో ఆగిపోతే పిన్నీసు పెడతాం. అమ్మాయి భుజానికి తగిలించి "జాగ్రత్త తల్లీ!" అంటాం. ఆ "జాగ్రత్త" అనే మాటే దానికి మనం చేయించిన పెట్టె.

మా అన్నయ్య కూతురికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. భీమవరంలో రాత్రి రైలెక్కింది. పై బెర్తుమీద ఒక పక్క అట్టపెట్టెలో మా వదిన కట్టిన ఆవకాయ, మాగాయ. ఇంకో పక్క గుడ్డసంచీలో మాండలిన్. తెల్లవారుజామున ఎవరో పెద్దమనిషి తన ట్రంకు లాక్కుంటుంటే అట్టపెట్టె, సంచీ రెండూ జారి కిందపడ్డాయి. ఒకే ఎత్తునుంచి, ఒకే నేలమీద. దిగగానే ఇంటికి ఫోను చేసి, "ఆవకాయ క్షేమంగా చేరిందమ్మా, మాండలిన్ మెడ విరిగింది" అంది పిల్ల. మా వదిన మంచి మనిషి. కూతురి సంగీతమంటే ప్రాణం పెడుతుంది. అయినా ఆవిడ నోటివెంట మొదట వచ్చిన మాట, "నూనె కారలేదు కదా?"

తర్వాత వారం రోజులు ఇంట్లో విచారణ జరిగింది. ట్రంకు లాగినవాడిది తప్పన్నారు. పై బెర్తుమీద పెట్టిన పిల్లది తప్పన్నారు. మొన్న పేరంటంలో అందరి ముందూ వాయించింది, దిష్టి తగిలిందన్నారు. ఆ సంచీని మాత్రం ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. నా కోపమంతా ఆ సంచీ మీదే. ఆ సంచీ చాలుననుకునే మన బుద్ధి మీద.

మాండలిన్ మెడ ఎందుకు విరుగుతుందో తెలిస్తే మీకూ కోపం వస్తుంది. దానికి ఎనిమిది ఉక్కుతీగలు, జంటలు జంటలుగా. శ్రుతి చేసి ఉన్నప్పుడు అవన్నీ కలిసి లాగే బలం ఓ నిండు మనిషి బరువంత ఉంటుంది. మరలు బిగించి ఉండే పైభాగం, అంటే తల, మెడకన్నా కాస్త వెనక్కి వాలి ఉంటుంది. వాద్యం వెల్లకిలా పడితే ముందు నేలకి కొట్టుకునేది ఆ తలే. తలా మెడా కలిసేచోటు అసలే సన్నం. ఇటు తీగలు లాగుతుంటే అటు నేల కొడితే ఎక్కడ విరగాలి? సరిగ్గా అక్కడే విరుగుతుంది. గుడ్డసంచీలో ఆ తలకీ నేలకీ మధ్య ఉండేది అరంగుళం స్పాంజి. కొన్నిట్లో అదీ ఉండదు, రెండు పొరల గుడ్డ.

రెండో మాండలిన్ కొనడానికి పిల్లతోబాటు నేనూ వెళ్ళాను. ఊరు, కొట్టు పేరు చెప్పను. ఒక్క కొట్టయితే కదా చెప్పడానికి! నాలుగు తిరిగాను, నాలుగుచోట్లా ఒకటే మాట.

"దీనికి గట్టి పెట్టె ఉందా?"

"కవరు ఫ్రీ అమ్మా."

"కవరు కాదండీ, పెట్టె. రైల్లో తీసుకెళ్ళడానికి."

"మాండలిన్‌కి పెట్టెలు రావమ్మా. పిల్లల గిటారు కవరు ఇస్తాను, లోపల ఫ్రీగా ఉంటుంది."

"ఫ్రీగా ఉండకూడదండీ. కదలకుండా పట్టాలి."

ఆయన నావంక జాలిగా చూసి, "అన్నీ ఒకటే సైజమ్మా" అన్నాడు.

అన్నీ ఒకటే సైజు! కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుడతాననే దర్జీని మనం గుమ్మం ఎక్కనిస్తామా? చంక దగ్గర పావంగుళం పట్టేస్తే మూడుసార్లు విప్పించి కుట్టించుకునేవాళ్ళం, నలభై అంగుళాల గిటారు సంచీలో ఇరవై ఏడు అంగుళాల మాండలిన్ వేసి ఇస్తే నోరు మూసుకుని తెచ్చుకుంటాం. మిగిలిన ఆ పదమూడు అంగుళాల ఖాళీలో అది రైలు కుదిపినప్పుడల్లా పైకీ కిందకీ పరుగులు పెడుతుంది. వయొలిన్ పెట్టెలో పెట్టమని ఇంకొకాయన సలహా. వయొలిన్ నడుము సన్నం, పెట్టె ఇరుకు. మాండలిన్ పొట్ట పది అంగుళాలుంటుంది, అందులో దిగదు. యుకులేలే సంచీ చూపించాడు మూడో ఆయన. పొడవు దాదాపు సరిపోయింది, పొట్ట పట్టలేదు. అయినా లాగి జిప్పు వెయ్యబోయాడు, నేనే చెయ్యి పట్టుకున్నంత పని చేశాను.

ఆ వాద్యం పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలిసినా "ఒకటే సైజు" అనే మాట నోటికి రాదు. ఇటలీలో నేపుల్స్ ప్రాంతంలో పద్దెనిమిదో శతాబ్దంలో పెరిగిన పాత మాండలిన్‌కి వీపు గుండ్రంగా, సగం కోసిన బూడిద గుమ్మడికాయలా ఉంటుంది. సన్నటి చెక్కబద్దలు వంచి అతికించి చేస్తారు. దాన్ని చదునైన పెట్టెలో పెడితే పడవలా ఊగుతుంది, బరువంతా మెడమీద పడుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో గిబ్సన్ కంపెనీవాళ్ళు దాదాపు చదునువీపు మాండలిన్లకి ప్రాచుర్యం తెచ్చారు. వాటిలో మళ్ళీ రెండు రకాలు. నీటిబొట్టు ఆకారంలో నున్నగా ఉండేది ఒకటి. భుజం దగ్గర శంఖంలా చుట్ట, పక్కన కొమ్ములు ఉండేది ఇంకొకటి. 1922లో వచ్చిన ఎఫ్-5 ఆ రకందే. కొమ్ములదాన్ని నున్నటిదాని పెట్టెలో కుక్కితే ముందు కొమ్ము విరుగుతుంది. ఇక మన మాండలిన్ శ్రీనివాస్ సంగతి. 1969లో పాలకొల్లులో పుట్టి, ఆరేళ్ళ వయసులో ఆ వాద్యం పట్టుకుని, 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో వాయించిన ఆ పిల్లవాడు తర్వాత ప్రపంచానికంతా మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వినిపించాడు. 2014లో నలభై ఐదేళ్ళకే పోయాడు, మన దురదృష్టం. ఆయన చేతిలో ఉన్నది ఈ రెండు రకాలూ కాదు. బోలు పొట్టే లేని ఎలక్ట్రిక్ మాండలిన్, జంటతీగలు తీసేసి ఐదు ఒంటితీగలు. అది పల్చన, కానీ దిట్టం. దాని పెట్టె కొలత వేరు.

ఆయన్ని చూసి ఆ వాద్యం పట్టిన పిల్లలు మన గోదావరి జిల్లాల్లో నాకు తెలిసే ఎంతోమంది. వాళ్ళు పెరిగి పెద్దవాళ్ళై, ఉద్యోగాలకీ అత్తవారిళ్ళకీ పోతున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళ వాద్యాలకి ఒక పెట్టె మాత్రం కొట్టులోకి రాలేదు!

వయొలిన్ సంగతి చూడండి. అదీ పడమటినించి వచ్చిందే. మన సంగీతంలో చేరి రెండు వందల ఏళ్ళు దాటింది. ఎంత చౌక వయొలిన్ కొన్నా, నేర్చుకునే పిల్లల ముప్పాతిక సైజుది కొన్నా, పెట్టెతోనే ఇస్తారు. లోపల మెత్త, కమానుకి క్లిప్పు, రోజిన్‌కి అర, మీద పట్టుకోవడానికి పిడి. ఎవరూ "పెట్టె కావాలా అమ్మా?" అని అడగరు. వయొలిన్ అంటేనే పెట్టెలో ఉండేది. ఆ అలవాటు ఒక వాద్యానికి సాధ్యమైనప్పుడు దాని చెల్లెలికి ఎందుకు కాదు? శ్రుతి కూడా ఒకటే కదా, నాలుగు జతల తీగలకీ వయొలిన్ స్వరాలే! "కొనేవాళ్ళు అడగరమ్మా" అంటాడు కొట్టాయన. అడగకపోవడం నిజమే. రెండు మూడు వేల మిక్సీ కొంటే దాని ఒంటికి అచ్చు పోసినట్టు థర్మోకోలు వస్తుంది. అదీ మనం అడగలేదు. అయినా వచ్చింది. పగిలితే వాపసు తీసుకోవాలని కంపెనీవాడికి భయం. వాద్యం పగిలితే ఎవరూ వాపసు అడగరని కొట్టువాడికి ధైర్యం.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. కొంచెం ఆగండి. మీ ఇంట్లోనో, మీ చుట్టాలిళ్ళలోనో వీణ ఉన్న ఆవిడని తలుచుకోండి. పెళ్ళిచూపుల్లో ఆ వీణ వాయించే ఉంటుంది. ఇప్పుడా వీణ ఎక్కడుంది? పుట్టింట్లో, అటకమీదో, గది మూల గోడకి ఆనించో ఉంటుంది. "సంగీతం మానేశావేం?" అంటే "వీణ తెచ్చుకోలేదండీ" అంటుంది. ఎందుకు తెచ్చుకోలేదు? "రైల్లో ఎలా తెస్తాం?" అన్నారు మొదటి ఏడు. రెండో ఏడు "చంటిపిల్ల ఉందిగా" అన్నారు. మూడో ఏడు ఎవ్వరూ ఏమీ అనలేదు, ఆవిడే అడగడం మానేసింది. మా పిన్ని వీణ బొబ్బిలిది. ఒకే పనసమానులోంచి తొలిచి చేసిన ఏకాండీ వీణ. నాలుగడుగుల వాద్యం, బరువు, మధ్యలో విప్పడానికి అతుకు లేదు. దాన్ని రైల్లో తేవడం నిజంగానే కష్టం. పిన్ని విషయంలో ఆ సాకుకి ఎంతో కొంత అర్థం ఉంది.

మాండలిన్‌కి ఆ సాకేదీ? బరువు కిలో, కిలోంబావు. పొడవు రెండడుగుల మీద మూడు అంగుళాలు. ఒళ్ళో పట్టుకోవచ్చు, బీరువాలో నిలబెట్టొచ్చు. ఇల్లు మారే, ఊరు మారే, ఇంటిపేరు కూడా మారే ఆడపిల్ల బతుక్కి ఇంతకన్నా కలిసొచ్చే వాద్యం నాకు తెలిసినంతలో లేదు. ఆ ఒక్క సుగుణాన్నీ మనం గుడ్డసంచీతో తీసిపారేస్తున్నాం. ఒకసారి విరిగిందంటే "ఇంక దాన్ని ఊళ్ళు తిప్పకు, ఇంట్లోనే ఉంచు" అంటారు. ఇంట్లోనే అంటే పుట్టింట్లో. అమ్మాయి ఒకచోట, వాద్యం ఒకచోట. ఆ తర్వాత కథ వీణ కథే. "మనసుంటే మార్గం ఉండదా? నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు పెట్టె లేకపోయినా వాయిస్తారు" అనే మహానుభావులు ఉంటారు. వాళ్ళకి నా మనవి ఒకటే. మీ లాప్‌టాప్‌ని ఒక్క నెల గోనెసంచీలో వేసుకుని ఆఫీసుకి వెళ్ళండి. ఉద్యోగంమీద ప్రేమ ఉంటే మార్గం దొరుకుతుంది!

"అంత డబ్బా?" అనేది రెండో మాట. ఇది మాత్రం ఆలోచించాల్సిందే. మధ్యతరగతి ఇల్లు, నెలాఖరు లెక్కలు నాకూ ఉన్నాయి. పైగా ఈ విషయంలో మనల్ని ఎక్కువ భయపెట్టింది కొట్టువాళ్ళు కాదు, బాగా తెలిసినవాళ్ళు. "విదేశాలనించి ఫైబర్‌గ్లాసు పెట్టె తెప్పించాలండీ, లేకపోతే దండగ" అంటారు. దాని ఖరీదు కొన్ని వందల డాలర్లు. మా పిల్ల మాండలిన్ రూ. 12,000. వాద్యంకన్నా మూడింతల ఖరీదు పెట్టె కొనమనడం కొనొద్దనడంతో సమానం. కచేరీలకి దేశాలు తిరిగే విద్వాంసులకి అది న్యాయమే కావచ్చు. బి.టెక్ చదివి మొదటి జీతం అందుకున్న పిల్లకి కాదు. ఉచిత సంచీకీ, ఆ ఆకాశంలోని పెట్టెకీ మధ్య నేలమీద ఏమీ లేదని మనల్ని నమ్మిస్తున్నారు. ఉంది. మేం చేయించాం.

మా వీధి చివర ఒక వడ్రంగి ఉన్నాడు. అతనికి వాద్యాలు తెలీవు, కొలతలు తెలుసు. మాండలిన్ని దుప్పటిమీద పడుకోబెట్టి టేపుతో మూడు కొలతలు తీశాం. పొడవు 27 అంగుళాలు, పొట్ట వెడల్పు 10, గుర్రంతో కలిపి ఎత్తు మూడున్నర. చుట్టూ అంగుళం మెత్త పట్టేలా లోపలి కొలత 29, 12, ఐదున్నర. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్, మూలలకి రేకు, రెండు కొక్కేలు, ఒక పిడి. మీద రెక్సిన్. లోపలి పని సోఫాలు కుట్టే సాయిబుగారు చేశారు. ఆయనకి నేను చెప్పింది ఇదే: "తల గాలిలో ఉండాలి. బరువంతా పొట్ట అంచులమీద, మెడ మొదట్లో పడాలి." ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అంటే పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు, కాకపోతే తల కింద చెయ్యి పెట్టకూడదు" అన్నారు. నాలుగు కొట్ల యజమానులకి అర్థంకానిది సోఫాలాయనకి అర్థమయింది. మెడ కింద గట్టి ఫోముతో చిన్న దిమ్మ కట్టి దానికి గాడి తీశారు. తల దగ్గర ఖాళీ ఉంచారు. మూత వేసినప్పుడు లోపలి మెత్త గుర్రానికి తగలకుండా అక్కడ ఫోము కోసేశారు. గుర్రానికి తగిలితే ప్రమాదం. మాండలిన్ గుర్రాన్ని అతికించరు, తీగల బిగువుమీదే నిలబడుతుంది. మూత నొక్కితే పక్కకి జరుగుతుంది, దాంతో శ్రుతి చెడుతుంది. అందుకే ప్రయాణానికి ముందు తీగలన్నీ ఊడదీయమని చెప్పేవాళ్ళ మాట వినకండి. ఒక స్వరమో, రెండో దించితే చాలు.

చెక్క, రెక్సిను, ఫోము, ఇద్దరి కూలీ అంతా కలిపి రూ. 2,300 అయింది. మాండలిన్‌తో కలిపి బరువు నాలుగు కిలోల లోపే. అందంగా ఉందా అంటే, లేదు. దగ్గరగా చూస్తే మంగలివాడి పెట్టెకి అన్నలా ఉంటుంది. సాయిబుగారి దగ్గర మిగిలిన మెరూన్ వెల్వెట్టు లోపల అతికించడంవల్ల తెరిచినప్పుడు మాత్రం నగల పెట్టెలా ఉంటుంది. మూత వేసి, ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను. ఆవకాయ పరీక్ష. చప్పుడు లేదు.

చేయించే ఓపిక లేనివాళ్ళకి ఇంకో దారి. ఇంట్లో మూలపడ్డ గట్టి సూట్‌కేసు, మూలనించి మూలకి మాండలిన్‌కన్నా బాగా పొడవు వచ్చేది, ఏ ఇంట్లోనైనా ఒకటుంటుంది. అందులో ఐమూలగా పడుకోబెట్టి మెత్త కోయించుకోవచ్చు. నాలుగు మూలల్లో బట్టలు కూడా పడతాయి. చూసేవాళ్ళకి వాద్యమని తెలీదు కూడా. ఏ పెట్టె అయినా సరే, మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో మాత్రం వదిలెయ్యకండి. జిగురు మెత్తబడి అతుకులు విడిపోతాయి. నల్ల పెట్టె అయితే మరీ తొందరగా.

రైలు, బస్సు వరకూ ఇది చాలు. విమానం దగ్గర కథ వేరు. చేతిసంచీ పొడవు 55 సెంటీమీటర్లని చాలా సంస్థల లెక్క. మా పెట్టె 75. లెక్కప్రకారం దాన్ని కింద సామానులో వెయ్యాలి. అక్కడ సామాను ఎలా విసురుతారో మీకూ తెలుసు. కెనడా గాయకుడు డేవ్ కారల్ గిటారు 2008లో అలాగే విరిగింది. నెలల తరబడి తిరిగినా పరిహారం రాకపోతే, 2009లో ఆ విమానసంస్థ మీద ఓ పాట కట్టి ఇంటర్నెట్‌లో పెట్టాడు. లక్షలమంది విని నవ్వుకున్నారు. అప్పుడు దిగొచ్చారు సంస్థవాళ్ళు. అమెరికాలో 2012లో చట్టం చేశారు, 2015లో దాన్ని అమలుచేసే నిబంధనలు వచ్చాయి. ఎక్కే సమయానికి పైన అరలో చోటుంటే వయొలినూ గిటారులాంటి చిన్న వాద్యాల్ని లోపలికి తెచ్చుకోనివ్వాలి, ముందొచ్చినవాళ్ళకి ముందు. మన దగ్గర నాకు ఎదురైనంతవరకు అది ఆ పూట కౌంటరు దగ్గర నిలబడ్డ అమ్మాయి దయ. ఒకసారి "పరవాలేదు మేడమ్, తీసుకెళ్ళండి" అంది. ఇంకోసారి ఇంకో అమ్మాయి అదే పెట్టెకి టేపు వేసి కొలిచింది. వీణ పుట్టిన దేశంలో, ప్రతి సభలోనూ సరస్వతీదేవి పటం పెట్టి దీపం వెలిగించే దేశంలో, ఆవిడే స్వయంగా విమానం ఎక్కాలంటే వీణని సరుకులో వేసి రావలసిందే. ఎవరో ఒకరు పాట కడితే తప్ప కదలరేమో మనవాళ్ళు కూడా.

నేను కొట్టువాళ్ళని అడిగేది పెద్ద కోరికేమీ కాదు. వాద్యంతోబాటు దాని కొలతకి చేసిన పెట్టె ఒకటి కొట్టులో ఉంచండి. ధర వేరుగా చెప్పండి. రెండువేలకి వడ్రంగి ఒకటి చేసినప్పుడు, వంద చేయించే మీకు ఇంకా తక్కువకే వస్తుంది. కొనే తల్లులని అడిగేదీ అంతే. బేరం ఆడేటప్పుడు "సంచీ ఉచితమా?" అని అడగడం మానేసి "పెట్టె ఏదీ?" అని అడగండి. పదిమంది అడిగితే పదకొండో ఆవిడకి ఉంటుంది.

మా మేనకోడలికి మొన్న సంబంధం కుదిరింది. అబ్బాయి పూనాలో పనిచేస్తున్నాడు. మా వదిన సారె జాబితా రాస్తోంది. సున్నుండలు, అరిసెలు, బిందెలు, కంచాలు, మిక్సీ, గ్రైండరు. పేజీ చివర పిల్ల తన చేత్తో "మాండలిన్, పెట్టెతో సహా" అని రాసుకుంది. పక్కన మా అన్నయ్య ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం పెట్టాడు. "అదెందుకన్నయ్యా?" అన్నాను. "ఇప్పుడే ఎందుకులేవే, తర్వాత చూసుకోవచ్చు. అంతదూరం రైల్లో ఎలా..." అని మొదలుపెట్టి, గది మూల ఉన్న రెక్సిన్ పెట్టెవంక చూసి, మాట మధ్యలో ఆపేశాడు.